గెలిచిన మర్నాడు డ్యూటీ ఎవరిది?

2003 ఏప్రిల్ 10న బాగ్దాద్‌లోని జాతీయ మ్యూజియంలోకి దోపిడీ మూకలు జొరబడ్డాయి. అంతకు ముందురోజే ఫిర్దౌస్ కూడలిలో సద్దాం హుస్సేన్ విగ్రహం నేలకూలడం ప్రపంచమంతా టీవీల్లో చూసింది. మ్యూజియానికి కూతవేటు దూరంలోనే అమెరికా ట్యాంకులున్నాయి. మ్యూజియం ఉద్యోగి ఒకరు వెళ్లి, ఒక్క ట్యాంకు తెచ్చి గేటు ముందు నిలబెట్టండి చాలని బతిమాలాడు. కమాండర్ రేడియోలో పైవాళ్లను అడిగాడు. కుదరదన్నారు. కాపలా ట్యాంకులు వచ్చేసరికి 16వ తేదీ. అప్పటికే దాదాపు 15 వేల వస్తువులు పోయాయి. 5 వేల ఏళ్ల నాటి వర్కా రాతి పాత్రను పెకలించుకుపోతే పాదం మాత్రం పీఠం మీద మిగిలింది. జూన్‌లో ముగ్గురు మనుషులు ఆ పాత్రను దుప్పటిలో చుట్టి, కారు డిక్కీలో వేసుకొచ్చి ముక్కలుగా అప్పజెప్పి వెళ్లారు.

దోపిడీ గురించి ఏప్రిల్ 11న విలేకరులు అడిగితే అమెరికా రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్, ఇలాంటివి జరుగుతుంటాయి, స్వేచ్ఛ కాస్త చిందరవందరగానే ఉంటుంది అన్నారు. ఆ మాట తర్వాత ఆయన్ను చాలాకాలం వెంటాడింది.

ఇరవయ్యేళ్లు దాటినా ఇరాక్ గురించి ఎక్కువగా వినిపించే మాట ఒకటే: యుద్ధం తర్వాత ఏం చేయాలో అమెరికా అసలు ఆలోచించలేదు, ప్రణాళికే లేదు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. పత్రాలు బయటికొచ్చే కొద్దీ కథ మారింది. ప్రణాళికలు లేకపోవడం కాదు, కుప్పలుగా ఉన్నాయి. వాటిని అమలు చేసే బాధ్యత ఎవరిదో తేలలేదు. తేల్చాల్సినవాళ్లకు తేల్చడం ఇష్టం లేదు. ఈ వ్యాసం ఆ ఇష్టం లేకపోవడం గురించి.

ముందు ఆ కుప్పలో ఏమున్నాయో చూద్దాం. అమెరికా విదేశాంగ శాఖ 2002లోనే 'ఇరాక్ భవిష్యత్తు' పేరుతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. దేశం విడిచి వెళ్లిన 200 మందికి పైగా ఇరాకీలను కూర్చోబెట్టి, న్యాయవ్యవస్థ, కరెంటు, నీళ్లు, చమురు, సైన్యం అంటూ 17 బృందాలుగా విడదీసి, 13 సంపుటాల నివేదిక తయారుచేసింది. అది వంటలో ప్రతి కొలతా రాసిచ్చిన పుస్తకమేమీ కాదు, చాలాచోట్ల చర్చల సారాంశమే. కానీ సద్దాం పడిపోగానే లూటీలు జరగవచ్చన్న హెచ్చరిక అందులో ఉంది. ఆర్మీ వార్ కాలేజీ 2003 ఫిబ్రవరిలో, అంటే దాడికి నెల ముందు, యుద్ధానంతరం చేయాల్సిన 135 పనులను వరసపెట్టి రాసింది. ఇరాక్ సైన్యాన్ని ముక్కలు చేస్తే దేశాన్ని కలిపి ఉంచే కొద్దిపాటి శక్తుల్లో ఒకటి పోతుందని కూడా ఆ నివేదికే చెప్పింది.

ఈ రెండూ ఎవరి చేతిలో పడ్డాయి? 2003 జనవరి 20న అధ్యక్షుడు జార్జ్ బుష్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. యుద్ధానంతర పాలన బాధ్యత విదేశాంగ శాఖది కాదు, రక్షణ శాఖది అని దాని సారం. రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరల్ జే గార్నర్ నాయకత్వంలో కొత్త కార్యాలయం పుట్టింది. దాడి మొదలైంది మార్చి 20న. అంటే రెండున్నర కోట్ల జనాభా ఉన్న దేశాన్ని నడపడానికి ఆ ఆఫీసుకు దొరికిన వ్యవధి సరిగ్గా రెండు నెలలు. అందులోనే మనుషుల్ని వెతకాలి, డబ్బు తెచ్చుకోవాలి, ఫోన్లు పెట్టించుకోవాలి. విదేశాంగ శాఖ ప్రాజెక్టును నడిపిన అధికారిని గార్నర్ తన బృందంలో చేర్చుకున్నారు. ఆయన్ను తీసేయమని రమ్స్‌ఫెల్డ్ చెప్పారు. తీసేశారు. రెండు శాఖల మధ్య ఉన్న పాత కక్షకు 13 సంపుటాలూ బలయ్యాయి.

గార్నర్ మీద నాకు కొంత జాలి ఉంది. 1991లో ఉత్తర ఇరాక్‌లో కుర్దు శరణార్థులను ఆదుకున్న అనుభవం ఆయనకుంది, అందుకే మళ్లీ అలాంటి విపత్తులకే సిద్ధపడ్డారు. లక్షల్లో శరణార్థులు, తగలబడే చమురు బావులు, ఆకలి, అంటురోగాలు. అవేవీ పెద్దగా రాలేదు. వచ్చింది లూటీ. దాని గురించీ ఆయన బృందం పూర్తిగా మర్చిపోలేదు. కాపాడాల్సిన చోట్లంటూ 16 పేర్లతో ఒక జాబితాను మార్చి చివర్లో సైన్యానికి పంపింది. మొదటి పేరు సెంట్రల్ బ్యాంకు, రెండోది మ్యూజియం, చిట్టచివరిది చమురు మంత్రిత్వ శాఖ. బాగ్దాద్ పడ్డాక అమెరికా సైనికులు గట్టిగా కాపలా కాసింది ఆ చిట్టచివరి చోటునే. జాబితా పంపిన గార్నర్ అప్పటికి కువైట్‌లో, సముద్రపు ఒడ్డున ఉన్న హోటల్లో అనుమతి కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన బాగ్దాద్‌లో కాలుపెట్టింది ఏప్రిల్ 21న. ఆ సరికి 23 మంత్రిత్వ శాఖల్లో 17 శాఖల భవనాలు కాలిపోయో, ఖాళీ అయ్యో ఉన్నాయి. కుర్చీలు, ఫ్యాన్లే కాదు, గోడల్లోని వైర్లు కూడా పీక్కుపోయారు. హైటెన్షన్ టవర్ల మీది రాగి తీగలను కోసి, కరిగించి అమ్ముకున్నారు.

ఇక్కడ అసలు చిక్కుంది. అమెరికా లెక్కంతా ఒక ఊహ మీద నిలబడింది. తల తీసేస్తే మొండెం పనిచేస్తూనే ఉంటుందని ఆ ఊహ. సద్దాం, ఆయన కొడుకులు, పై వరస మంత్రులు పోతారు. సోమవారం పొద్దున గుమాస్తాలు యథాప్రకారం ఆఫీసులకొస్తారు, పోలీసులు కూడళ్లలో నిలబడతారు, రేషన్ డిపోలు తెరుచుకుంటాయి. ఇరాకీల్లో సగానికి పైగా ప్రభుత్వ రేషన్ మీదే బతుకుతున్న రోజులవి. గుమాస్తాలు వచ్చారు కూడా. ఆఫీసు లేదు. ఫైలు లేదు. ఎవరి జీతం ఎంతో చెప్పే రిజిస్టరు బూడిదైపోయింది.

ఇంత ముఖ్యమైన ఊహను ఎవరూ ప్రశ్నించలేదా అంటే, ప్రశ్నించారు. ఆర్మీ చీఫ్ జనరల్ ఎరిక్ షిన్సెకీని ఫిబ్రవరి 25న సెనేట్ కమిటీ అడిగింది: యుద్ధం తర్వాత ఎంత సైన్యం కావాలి? కొన్ని లక్షలమంది, అన్నారాయన. బోస్నియాలో శాంతి సేనలను నడిపిన మనిషి. రెండు రోజులు తిరక్కుండానే రక్షణ శాఖ ఉపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్ ఆ అంకె వాస్తవానికి ఆమడ దూరంలో ఉందని కొట్టిపారేశారు. యుద్ధం చేయడానికి పట్టేదానికంటే యుద్ధం తర్వాత కాపలా కాయడానికి ఎక్కువమంది కావాలనడం ఊహకందడం లేదన్నది ఆయన వాదన.

వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ యుద్ధానికి, కాపలాకు లెక్క వేరు. యుద్ధంలో సైన్యం శత్రువు ఉన్నచోటికి పోతే చాలు, దారిలో పట్టణాలను పక్కన పెట్టి ముందుకు సాగవచ్చు. కాపలాలో అలా కుదరదు. ప్రతి ఊళ్లో, ప్రతి ఆసుపత్రి దగ్గర, ప్రతి గోదాము ముందు, పగలూ రాత్రీ మనిషి ఉండాలి. అంటే కాపలాకు మనుషుల్ని జనాభాను బట్టి లెక్కగట్టాలి, శత్రుసైన్యాన్ని బట్టి కాదు. కొసోవో, బోస్నియా అనుభవాల నుంచి అప్పటికే చలామణిలో ఉన్న మోటు లెక్క ప్రకారం ప్రతి వెయ్యిమంది జనానికి 20 మంది సైనికులు కావాలి. ఇరాక్ రెండున్నర కోట్లకు ఆ లెక్క వేస్తే 5 లక్షలు తేలుతుంది. రంగంలో ఉన్న అమెరికన్లు లక్షన్నర చిల్లర. ఐదో తరగతి పిల్లాడు వేయగల గుణకారం.

మరి వేయలేదెందుకు? వేస్తే యుద్ధం అమ్ముడుపోదు కాబట్టి. నా అభిప్రాయంలో మొత్తం వ్యవహారానికి తాళంచెవి ఇక్కడే ఉంది. అప్పటికి దాడి చేయాలా వద్దా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. 5 లక్షలమంది సైనికులు, ఏళ్ల తరబడి ఆక్రమణ, వేల కోట్ల డాలర్లు అని ఎవరు నోరు విప్పినా అది యుద్ధాన్ని వ్యతిరేకించేవాళ్ల వాదనకు ఊతమిస్తుంది. అందువల్ల తర్వాతి సంగతి గట్టిగా ఆలోచించడమే విధేయత లేకపోవడంగా కనబడింది. మార్చిలో వుల్ఫోవిట్జ్, ఇరాక్ తన చమురు డబ్బుతో తన పునర్నిర్మాణం తానే చేసుకోగలదన్నారు. ఏప్రిల్‌లో అమెరికా విదేశీ సహాయ సంస్థ అధిపతి ఆండ్రూ నాట్సియోస్ టీవీ కార్యక్రమంలో, ఇరాక్ పునర్నిర్మాణానికి అమెరికా పన్నుదారుల వాటా 170 కోట్ల డాలర్లు, అంతకుమించి ఉండదన్నారు. అదే ఏడాది నవంబరులో అమెరికా కాంగ్రెస్ ఒక్క విడతలో దాదాపు 1,840 కోట్లు మంజూరు చేయాల్సి వచ్చింది.

సైనిక పరిభాషలో యుద్ధాన్ని దశలుగా రాసుకుంటారు. మూడో దశ పోరాటం, నాలుగో దశ దాని తర్వాతది. మూడో దశ ప్రణాళికను ఈ యుద్ధానికి సేనాపతి అయిన జనరల్ టామీ ఫ్రాంక్స్ కార్యాలయం ఏడాదికి పైగా దిద్దుకుంటూ వచ్చింది. నాలుగో దశ సంగతి? బాగ్దాద్‌ను పట్టిన మూడో పదాతి దళం తన సమీక్షలో కుండబద్దలు కొట్టింది: పై కార్యాలయం నుంచి ఏ ప్రణాళికా అందకుండానే మేం నాలుగో దశలోకి వెళ్లాం. రాజధానిని మూడు వారాల్లో పట్టుకున్న సైనికులు మర్నాడు కూడలిలో నిలబడి లూటీ చేసేవాళ్లను చూస్తూ ఉండిపోయారంటే, వాళ్లకు మనసు లేక కాదు. లూటీదారును కాల్చాలా, పట్టుకోవాలా, పట్టుకుంటే ఎక్కడ పెట్టాలి అన్నది ఎవరూ చెప్పలేదు.

అదే అమెరికా అరవయ్యేళ్ల కిందట ఏం చేసిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1942 మేలో, హిట్లర్ బలం ఇంకా తగ్గని రోజుల్లోనే, వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో సైనిక పరిపాలన బడి తెరిచింది. ఊళ్లను ఎలా నడపాలి, నీళ్ల పంపులు, కోర్టులు, నోట్లు ఎలా చూసుకోవాలి అన్నవాటిలో అధికారులకు శిక్షణ ఇచ్చింది. జర్మనీ లొంగింది మూడేళ్ల తర్వాత, 1945 మేలో. అలాగని ఆ పాఠం అద్భుతంగా నడిచిందనుకోవద్దు. 1946-47 చలికాలం జర్మన్లు ఆకలితో అల్లాడారు. ప్రణాళికల్లో సగం నేలమీద చెల్లలేదు, మార్షల్ ప్రణాళిక ప్రకటించేసరికి 1947 జూన్ వచ్చింది. అయితే తప్పు చేశామని తెలిసినప్పుడు దిద్దుకోడానికి ప్రతి పట్టణంలో ఒక అధికారి, ఒక ఆఫీసు, ఒక ఫైలు ఉండేవి. బాగ్దాద్‌లో లేనిది అదే.

2003 మే 1న బుష్ విమానవాహక నౌక మీద నిలబడి ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించారు. పదకొండు రోజులకు గార్నర్ స్థానంలో పాల్ బ్రెమర్ బాగ్దాద్‌లో దిగారు. ఇక్కడి నుంచి ప్రణాళిక లోపం కాస్తా కోరి తెచ్చుకున్న ముప్పుగా మారింది. మే 16న ఆయన మొదటి ఉత్తర్వు: సద్దాం నడిపిన బాత్ పార్టీలో పై నాలుగు అంచెల్లో ఉన్నవాళ్లెవరూ ప్రభుత్వ ఉద్యోగంలో ఉండకూడదు. మంత్రిత్వ శాఖలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాల్లోనైతే పై మూడు వరసల అధికారుల్లో పార్టీ పూర్తి సభ్యత్వం ఉన్న ఎవరైనా సరే ఇంటికే. సద్దాం కాలంలో ప్రమోషన్ కావాలంటే పార్టీ కార్డు తప్పనిసరి. హెడ్‌మాస్టర్, ఇంజినీరు, సర్జన్, అందరి జేబుల్లోనూ అదుంది. వాళ్లలో హంతకులెవరు, కడుపుకోసం కార్డు తీసుకున్నవాళ్లెవరు అని విడదీసే ఏర్పాటు సిద్ధంగా లేదు. జర్మనీలో 131 ప్రశ్నల ఫారం నింపించుకుని ఒక్కొక్కరిని తూచిన అమెరికన్లు, అక్కడా మొదట అతిగానే ఏరేసి, 1946లో ఆ పనిని జర్మన్ల ట్రిబ్యునళ్లకే అప్పగించారు. ఇరాక్‌లో ఆ జల్లెడ చేతికి రాకముందే పదులవేలమంది ఉద్యోగాలు ఊడాయి.

రెండో ఉత్తర్వు మే 23న వచ్చింది. సైన్యం రద్దు. దాదాపు 4 లక్షలమంది సైనికులు, అధికారులు ఒక్క కలంపోటుతో వీధిన పడ్డారు. బ్రెమర్ పక్షం కూడా చెప్పాలి. సైన్యం అప్పటికే తనంతట తాను చెదిరిపోయింది, బ్యారక్‌లలో తలుపులు కూడా మిగల్లేదు, సాధారణ సైనికుల్లో ఎక్కువమంది షియాలు, వాళ్లను సున్నీ అధికారుల కిందికి మళ్లీ పిలిస్తే షియాలూ కుర్దులూ ఒప్పుకోరు అన్నది ఆయన వాదన. ఇందులో నిజం లేకపోలేదు. కానీ సైన్యాన్ని తిరిగి బ్యారక్‌లకు పిలవాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, జీతం ఆపాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ ఒక్కటిగా చుట్టేశారు. యుద్ధానికి ముందు విమానాలు కరపత్రాలు జల్లాయి: పోరాడకండి, ఇళ్లకు పొండి. వాళ్లు మాట విని ఇళ్లకు పోయారు. మాట విన్నందుకు ఉద్యోగం పోయింది.

జూన్ 18న బ్రెమర్ కార్యాలయం ఉన్న ప్యాలెస్ గేటు ముందు మాజీ సైనికులు గుమిగూడారు. అడిగింది జీతం. రాళ్లు లేచాయి, అమెరికా సైనికులు కాల్చారు, ఇద్దరు చనిపోయారు. ఐదు రోజులకు, 23న, మాజీ సైనికులకు నెలకు 50 నుంచి 150 డాలర్ల భత్యం ఇస్తామని ప్రకటన వచ్చింది. డబ్బు ముందే ఉంది. మే 23న ఉత్తర్వుతో పాటే ఆ ప్రకటన కూడా ఇచ్చుంటే? ఇలాంటి ప్రశ్నలకు చరిత్ర జవాబు చెప్పదు గానీ, ఆ నెల రోజుల అంతరం నన్ను ఇప్పటికీ చికాకు పెడుతుంది. ఎందుకంటే అప్పుడే ఆయుధ గోదాములు కూడా బార్లా తెరిచి ఉన్నాయి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సీలు వేసి ఉంచిన అల్ ఖఖా గోదాములో సుమారు 377 టన్నుల పేలుడు పదార్థాలు లూటీలో పోయాయని 2004 అక్టోబరులో ఇరాక్ ప్రభుత్వమే ఆ సంస్థకు తెలియజేసింది. శిక్షణ ఉన్న చేతులు ఖాళీగా ఉన్నాయి, మందుగుండు కాపలా లేకుండా ఉంది. ఆగస్టు 19న ఐక్యరాజ్యసమితి కార్యాలయం ముందు ట్రక్కు బాంబు పేలి ఇరాక్‌లో సమితి ప్రతినిధి సెర్జియో వియేరా డి మెల్లోతో సహా 22 మంది చనిపోయారు. 2014లో మోసుల్‌ను పట్టుకున్న ఐసిస్ సైనిక నాయకత్వంలో సద్దాం సైన్యం మాజీ అధికారులు పలువురు తేలారు.

చిన్న తప్పులు కూడా ఇదే తీరు. సద్దాం ఇతర ప్రాంతాల కరెంటును మళ్లించి బాగ్దాద్‌కు పోసేవాడు. కొత్త పాలకులు అందరికీ సమానంగా పంచారు. న్యాయమే. కానీ మండు వేసవిలో రాజధాని వాసికి అర్థమైంది ఒక్కటే: నియంత ఉన్నప్పుడు ఫ్యాను తిరిగేది. ఇక డబ్బు లెక్కల సంగతైతే, బ్రెమర్ యంత్రాంగం ఇరాక్ శాఖలకు పంపిన ఇరాకీల సొమ్ములోనే 880 కోట్ల డాలర్లకు సరైన లెక్క లేదని 2005 జనవరిలో అమెరికా నియమించిన ఆడిటరే తేల్చాడు.

బ్రిటన్ పాత్ర ఇంకా విచిత్రం. 1907 హేగ్ నిబంధనల్లో 43వ అధికరణం ప్రకారం, ఒక భూభాగాన్ని ఆక్రమించిన శక్తి అక్కడ ప్రజాభద్రతను, శాంతిభద్రతలను నెలకొల్పాలి. అది దయ కాదు, చట్టం. 2003 మే 22 నాటి భద్రతామండలి 1483వ తీర్మానం అమెరికాతో పాటు బ్రిటన్‌ను కూడా ఆక్రమించిన శక్తిగా గుర్తించింది. అంటే చట్టం ముందు సగం బాధ్యత బ్రిటన్‌ది, బాగ్దాద్‌లో నిర్ణయాల్లో మాత్రం దాని మాట నామమాత్రం. యుద్ధానంతర ప్రణాళిక కోసం లండన్‌లో ప్రత్యేక విభాగం ఏర్పడింది దాడికి నెల ముందు, ఫిబ్రవరిలో. ఆ పని అమెరికా చూసుకుంటోందని బ్రిటన్, రక్షణ శాఖ చూసుకుంటోందని విదేశాంగ శాఖ, గార్నర్ చూసుకుంటాడని సైన్యం. తిలా పాపం తలా పిడికెడు. ఇరాక్ యుద్ధంపై బ్రిటన్ వేసిన సర్ జాన్ చిల్కాట్ విచారణ సంఘం 2016 జులై 6న 26 లక్షల పదాల నివేదిక వెలువరించింది. సద్దాం తర్వాతి ఇరాక్ కోసం జరిగిన ఏర్పాట్లు పూర్తిగా చాలనివని రాసింది. అంతర్గత కలహాలు, ఇరాన్ జోక్యం, అల్ ఖైదా కదలికలు, ఇవన్నీ దాడికి ముందే ప్రభుత్వం ముందున్న కాగితాల్లో ఉన్నాయని, తర్వాత తెలిసొచ్చిన విషయాలేం కావని కూడా తేల్చింది. అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ చెప్పుకున్న సాకుల్లో, ముందే తెలిసే వీల్లేదన్న ఈ ఒక్కటీ అక్కడితో చెల్లకుండా పోయింది.

ఇదంతా చూసి పాఠం నేర్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు, కాకపోతే తలకిందులుగా. 2011లో లిబియాలో నియంత గడాఫీ మీద నాటో విమానాలు పంపింది, నేలమీద సైన్యాన్ని మాత్రం దించలేదు. ఆక్రమణే లేకపోతే ఆక్రమణ తలనొప్పులూ ఉండవన్న లెక్క. అక్టోబరు 20న గడాఫీ చనిపోయాడు, 31న నాటో పని ముగిసిందంది. పగలగొట్టిన దాన్ని ఎవరు అతికిస్తారన్న ప్రశ్న అలాగే మిగిలింది. తాత్కాలిక ప్రభుత్వం సాయుధ ముఠాలను లొంగదీసుకోలేక వాళ్లకు జీతాలివ్వడం మొదలుపెట్టింది. దాంతో గడాఫీతో నిజంగా పోరాడినవాళ్లకంటే ఎన్నో రెట్ల మంది యోధులుగా పేర్లు రాయించుకున్నారు. ఇరాక్‌లో తుపాకీ తెలిసినవాళ్ల జీతం ఆపితే, లిబియాలో జీతం కోసం తుపాకీ పట్టారు. గడాఫీ గోదాముల ఆయుధాలు ఎడారి దాటి 2012లో మాలి తిరుగుబాటుకు చేరాయి. ఇరాక్ యుద్ధాన్ని మొదటినుంచీ వ్యతిరేకించి పేరు తెచ్చుకున్న బరాక్ ఒబామా, తన పదవీకాలంలో అతిపెద్ద తప్పేమిటని 2016 ఏప్రిల్‌లో అడిగితే, బహుశా లిబియాలో మర్నాటి గురించి ప్రణాళిక వేసుకోకపోవడం అన్నారు.

బ్రిటన్ విషయంలో తేదీలే చాలు. యుద్ధానంతర ఏర్పాట్లు ఎందుకు చేయలేదని చిల్కాట్ సంఘం లండన్‌లో మంత్రుల్ని, సైనికాధికారుల్ని, బ్లెయిర్‌ను కూడా రెండుసార్లు పిలిచి అడిగింది. ఆ బహిరంగ విచారణలో చివరి రోజు 2011 ఫిబ్రవరి 2. లిబియా మీదికి బ్రిటిష్ విమానాలు లేచింది మార్చి 19న.